రేకుల గదిలో ఆవిరి

నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డకు, తమ్ముడి ఇంటికి వచ్చిన ప్రమీలకు మతిమరుపు జబ్బున్న అమ్మ మంచం ఖాళీగా కనిపించింది.

“అమ్మ యాడరా, శాంసన్?”

“రేకుల గదిలో ఉందక్కా. ఆవిరి పెడతాండా.”

“ఈ ఎండల్లోనా? ఎంతసేపైంది?”

“అర్ధగంట. వేడి తగిలితే ఒంట్లో ఏవో ప్రోటీన్లు పుడతాయంట. మెదడులో పేరుకుని మతిమరుపు తెచ్చే అమిలాయిడ్‌ను అవి కడిగేస్తాయంట. ఫోన్లో చూసినా.”

“అది ల్యాబుల్లో కణాల మీద చూసిందిరా. బళ్లో సైన్సు చెప్పేదాన్ని, నాకు తెల్దా? డెబ్బై ఏండ్ల మనిషికి ఆ వేడికి గుండె ఆగిపోతాది. తలుపు తీయ్!”

శాంసన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“మొన్న ఆవిరి పెట్టినప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచిందక్కా. రెండేండ్లకు.”

ప్రమీలనూ అమ్మ గుర్తుపట్టి అంతకాలమే అయింది.

“పిలిచేదానికి మనిషి బతకల్ల కదరా. జరుగు.”

అతను తలొంచుకుని జరిగాడు. చెమటలో తడిసి సోలిపోయిన అమ్మను ఇద్దరూ పట్టుకుని వసారా నీడకు తెచ్చారు. ప్రమీల తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే, శాంసన్ నీళ్లు తాపాడు.

అమ్మ కళ్లు తెరిచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎవరి బిడ్డలో గానీ, మంచోళ్లు నాయనా” అంది.