పుట్టింటి బస్సు

మే నెల, ఆదివారం పొద్దున. కెనడాలోని గ్వెల్ఫ్‌లో వాళ్ళింటి వంటగది. లియా మాంట్రియల్‌లో ఒక యూదుల ఇంట పుట్టిన పిల్ల. అభిరామ్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చాక అత్తగారు సూర్యకుమారి దగ్గర తెలుగు నేర్చుకుంది. ఇద్దరూ పోట్లాడుకునేది కూడా ఆ తెలుగులోనే.

"నన్ను చూసి మాట్లాడండి అత్తయ్యా. ఆ గిన్నె తర్వాత తోముకోవచ్చు."

"డిష్‌వాషర్‌లో వేస్తే మాడు వదలదు. నువ్వు మాట్లాడు, నా చెవులు పనిచేస్తున్నాయి."

"సాకేత్‌కి ఈ టూర్ సంగతి ఎవరు చెప్పారు?"

"ఏ టూరు?"

"ఏ టూరా! ఇప్పుడే గైడ్ ఫోన్ చేసింది. యూదుల పిల్లల్ని వాళ్ళ పాత ఊళ్ళూ, పాత వీధులూ చూపించడానికి తీసుకెళ్ళే టూరట. బస్సు మధ్యాహ్నం టొరంటో పక్కన ఎటోబికోలో బయల్దేరుతుందట. 'మీ అబ్బాయి మాతో వస్తున్నందుకు చాలా సంతోషమండీ' అని చెప్తోంది. నాకు! వాడి కన్నతల్లికి! నేనేమో 'అవునవును' అంటూ వెర్రిదానిలా నవ్వాను."

"వాడికి పంతొమ్మిదేళ్ళు. స్నేహితులెవరో చెప్పుంటారు."

"వాడు బ్యాగ్ సర్దుతుంటే క్యాంపింగ్‌కి అని చెప్పారు మీరు."

"క్యాంపింగ్ అన్నది వాడు. నేను కాదనలేదు, అంతే."

"కాదనలేదు! అభీ ఎక్కడ?"

"గరాజ్‌లో. టైర్లు చూస్తున్నాడు."

"గంట నించి టైర్లు చూస్తున్నాడా? ఉన్నవి నాలుగే కదా!"

"వాడికి నీ గొంతంటే భయం. నాకు లేదు. ఆ చెయ్యి తియ్యి, ట్యాప్ కట్టేస్తున్నావు."

"కట్టేస్తాను. మీకసలు తెలుసా ఆ బస్సు ఎక్కడికెళ్తుందో? కింగ్‌స్టన్, మాంట్రియల్, అక్కణ్ణించి హాలిఫాక్స్ రేవు. మాంట్రియల్‌లో ఏం చూపిస్తారో ఆ గైడ్ పిల్ల ఒక్కొక్కటీ చదివి వినిపించింది నాకు. మావాళ్ళు ప్రార్థనకెళ్ళే పాత సినగాగ్, బట్టల ఫ్యాక్టరీలు, బేకరీల వీధి. అది మా వీధి అత్తయ్యా. వాళ్ళు పిల్లలకి చూపించే వీధుల్లో మా వీధి ఉంది."

"ఉంటే ఏం?"

"ఉంటే ఏమా? ఆ వీధిలో నేను చచ్చిపోయాను."

"పొద్దున్నే ఏవిటా మాటలు?"

"నిజమే కదా. బతికున్న కూతురికి మైల పట్టినవాళ్ళు వాళ్ళు. మా నాన్న చొక్కా చింపుకుని, ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పించి, ఏడు రోజులు పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. వీధి వీధంతా వచ్చి పరామర్శించి వెళ్ళింది. ఎందుకూ? మీ అబ్బాయిని చేసుకున్నానని."

"ఎన్నిసార్లు చెప్తావు? అందరూ అలా లేరు కదా. నాతో ఆస్పత్రిలో పనిచేసిన షిరా మన బందరు కుర్రాణ్ణి చేసుకుంటే వాళ్ళమ్మానాన్నా దగ్గరుండి చేశారు. నేను వెళ్ళి అక్షింతలు కూడా వేశాను."

"షిరా సంగతి నాకొద్దు. మా ఇంటి సంగతి నేను చెప్తున్నా."

"మీ ఇల్లు చూడ్డానికి కాదు కదా వాడు వెళ్ళేది."

"మరి దేనికి? నన్ను పాతిపెట్టిన చోటు ఫోటో తీసుకోడానికా?"

"లియా!"

"మీరు మాత్రం తక్కువా? నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నా కంచం వేరు, నా గ్లాసు వేరు. నేను వంటింట్లోకి వస్తే మీరు వెనకగుమ్మంలోంచి వెళ్ళిపోయేవారు. పిల్లల డాక్టరు! ఊళ్ళో అందరి పిల్లల్నీ ముట్టుకునే మనిషి!"

"మాట్లాడలేదు. ఒప్పుకుంటున్నా. కానీ తలుపు వెయ్యలేదు."

"ఓహో, మీది గొప్ప మనసు!"

"మీ నాన్నకంటే గొప్పదే."

"అమ్మా, మీ అరుపులు డ్రైవ్‌వే దాకా వినిపిస్తున్నాయి. డాడ్ టెన్షన్ పడుతున్నాడు."

"రా సాకేత్, సరిగ్గా వచ్చావ్. క్యాంపింగ్‌కా నువ్వెళ్ళేది?"

"నాయనమ్మా, చెప్పేశావా?"

"నేను చెప్పలేదురా. మీ గైడు చెప్పింది."

"ఓ మై గాడ్. ఓకే. అమ్మా, విను. చెప్తే వద్దంటావని చెప్పలేదు."

"వద్దంటానని తెలిసే వెళ్తున్నావన్నమాట."

"యూనివర్సిటీలో అందరూ అడుగుతారు, మీదేంటి అని. నాకు ఒక సైడే తెలుసు. నాయనమ్మ సైడ్ అయితే ఇంటిపేరు, గోత్రం, ముత్తాత ఏ ఊరి నించి ఏ ఊరికి వచ్చాడు, అన్నీ చెప్తాను. నీ సైడ్ అడిగితే బ్లాంక్. ఏదో పెద్ద ఇరేజర్‌తో తుడిచేసినట్టు."

"తుడిచింది నేను కాదు."

"నువ్వు కాదని తెలుసు. కానీ నువ్వు కూడా తిరిగి రాయలేదు కదా."

"ఎంత మాటన్నావురా!"

"సారీ. బట్ ఇట్స్ ట్రూ."

"వెళ్ళు అయితే. నీ రంగు చూసి, నీ పేరు చూసి, 'నువ్వు నిజంగా మనవాడివేనా' అని బస్సంతా అడుగుతుంది. అప్పుడు ఏడుస్తూ ఫోన్ చెయ్యకు నాకు."

"గైడ్ ఆల్రెడీ అడిగింది. మీ అమ్మ జ్యూయిషా అంది. అవునన్నాను. 'మాకు లెక్క తల్లి వైపు నించే, అయితే నువ్వు మావాడివే' అంది. అంతే. ఇంకేం అడగలేదు."

"మావాడివే! వింటున్నారా అత్తయ్యా? నన్ను చచ్చినదాన్ని చేశారు. మరి చచ్చినదాని కడుపున పుట్టినవాడు వాళ్ళవాడు ఎలా అయ్యాడు?"

"అది గైడ్ చెయ్యలేదు కదా అమ్మా. షీ ఈజ్ లైక్ ట్వెంటీ ఫైవ్."

"బ్యాగ్ పైకి పట్టుకెళ్ళు. నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు."

"అమ్మా, ప్లీజ్. బస్ మిస్ అవుతాను. నేను రాకపోతే అక్కడ గిటెల్ బామ్మ..."

"ఎవరు?"

"నథింగ్."

"ఏ పేరన్నావ్?"

"నాయనమ్మా, ఐ యామ్ సో సారీ."

"సరే, నువ్వెళ్ళి బూట్లు వేసుకో నాన్నా. మీ నాన్న దగ్గర కూర్చో."

"వాడు కదలడు! సాకేత్, ఆగు! సాకేత్!"

"వాణ్ణి వెళ్ళనీ లియా. నన్నడుగు."

"మా అమ్మ పేరు ఈ ఇంట్లో నేను ఎప్పుడూ అనలేదు. అభీకి కూడా పెళ్ళి ముందు ఒక్కసారి చెప్పానంతే. నా కొడుకు నోట్లోకి ఎలా వచ్చింది? అందులోనూ 'బామ్మ' తగిలించి!"

"నేనే తగిలించమన్నాను. పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలుస్తాడా ఏవిటి?"

"అత్తయ్యా!"

"కూర్చో."

"కూర్చోను. ఎలా తెలుసు మీకు?"

"మాట్లాడుతుంటాను."

"ఎవరితో?"

"మీ అమ్మతో. గిటెల్ గారితో. గురువారాలు."

"గురువారాలు... గురువారాలు మీరు తలుపేసుకుని బాబా పారాయణం చేస్తారు."

"పారాయణం అరగంటే. తర్వాత ఫోను. గురువారం మధ్యాహ్నం మీ నాన్న కొట్టుకి సరుకు తేవడానికి వెళ్ళేవాడు. ఆవిడకి అదొక్కటే వీలు."

"ఎన్నాళ్ళ నించి?"

"చాన్నాళ్ళే అయింది."

"చాన్నాళ్ళంటే?"

"ఏమో, గుర్తులేదు. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"సెలవున్న గురువారాలు నేను హాల్లోనే ఉండేదాన్ని. ఆ గోడ అవతల. టీవీ సౌండ్ తగ్గించుకునేదాన్ని, మీ పారాయణం డిస్టర్బ్ అవుతుందని. మీరు లోపల మా అమ్మతో కబుర్లు చెప్పుకునేవారా?"

"కబుర్లేం కాదు. నీకు జ్వరం వస్తే చెప్పేదాన్ని. సాకేత్ మార్కులు చెప్పేదాన్ని. నువ్వు కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పాను. ఆవిడ వినేది. ఎక్కువ మాట్లాడేది కాదు."

"ఆవిడ వినాలనుకుంటే నా నంబర్ ఉంది కదా! నాకెందుకు చెయ్యలేదు?"

"మీ చెల్లెలి పెళ్ళి కాలేదప్పటికి. నీతో మాట్లాడుతుందని తెలిస్తే ఆ పిల్లకి ఎవరూ సంబంధం ఇవ్వరని మీ నాన్న బెదిరించాడు. తర్వాత ఆ పిల్లకి పిల్లలు. తర్వాత మీ నాన్నకి గుండె జబ్బు. ఎప్పుడూ ఏదో ఒక అడ్డం."

"ఇప్పుడు మాత్రం ఏం మారింది? సాకేత్‌ని పంపిస్తే అదే మనిషి వీధిలో కనిపించి మొహం తిప్పుకుంటాడు."

"తిప్పుకోడు."

"మీకేం తెలుసు మా నాన్న గురించి?"

"తిప్పుకోడు లియా. ఆయన పోయాడు."

"ఏంటి?"

"ఫిబ్రవరిలో. నిద్రలోనే."

"అబద్ధం."

"ఇలాంటి విషయం అబద్ధం చెప్తానా?"

"ఇది మే నెల."

"అవును."

"ఫిబ్రవరి నించి నాకు రోజూ కాఫీ కలిపిచ్చారు. నా పక్కన కూర్చుని సీరియల్ చూశారు. నా పుట్టినరోజుకి పూర్ణాలు వండారు. మా నాన్న పోయాడని తెలిసి, పూర్ణాలు!"

"ఫోన్లో చెప్పొద్దు, నా నోటితో నేను ఎదురుగా కూర్చుని చెప్పుకుంటానంది మీ అమ్మ. మాటిచ్చాను."

"మరి వచ్చిందా? ఎదురుగా కూర్చుందా?"

"ధైర్యం చాల్లేదు. ఆ సినగాగ్‌కి వచ్చే టూర్ పిల్లలకి పాత రోజుల సంగతులు చెప్పేవాళ్ళలో ఆవిడొకర్తె. అందుకని మనవణ్ణి ఆ బస్సులో పంపమంది. వాణ్ణి వెనక్కి తెచ్చుకోడానికైనా నువ్వొస్తావేమోనని."

"అంటే ఎర. నా కొడుకుని ఎర వేశారు, ఇద్దరు ముసలమ్మలూ కలిసి."

"ఆఁ, వేశాం. ఏం?"

"ఏం అంటారా!"

"నువ్వు పిలిస్తే వెళ్ళే మనిషివా? చెప్తే వినే మనిషివా? మీ నాన్న మొండితనం నీ ఒంట్లో అంగుళం తగ్గకుండా ఉంది. ఇంకేం చెయ్యమంటావు మమ్మల్ని?"

"ఆయన నాకోసం ఏడు రోజులు కూర్చున్నాడు. నేను బతికుండగా. ఆయన నిజంగా పోతే నేను ఒక్క పూట కూర్చోలేదు. నన్ను కూర్చోనివ్వలేదు మీరు."

"ఇప్పుడు కూర్చో."

"కూర్చోను! మీరు చెప్తే అస్సలు కూర్చోను! మీరు రేపు మీ అమ్మాయి ధాత్రి దగ్గరికి వెళ్ళిపోండి. నాకు మీ మొహం చూడాలని లేదు."

"వెళ్తాను. వాణ్ణి బస్సెక్కనీ, మీ ఆయన వెనక్కి రాగానే నన్నూ దింపేస్తాడు."

"బస్సూ లేదు, ఏమీ లేదు. ఆవిడ పిలిచింది కదా అని నేను పంపాలా? అంత ప్రేమ ఉన్నావిడ నాకు కావలసినప్పుడు ఎక్కడుంది?"

"నీకు తెలీదు."

"నాకు తెలుసు! సాకేత్ నెలలు నిండకుండా పుట్టినప్పుడు ఎక్కడుంది? ఇక్కణ్ణించి మన ఒంటారియోలోని లండన్ ఆస్పత్రికి అంబులెన్స్‌లో తీసుకెళ్తుంటే దారంతా రక్తం. ఆపరేషన్ టేబుల్ మీద నేను ఎవర్ని పిలిచానో అభీని అడగండి. అమ్మా అనే పిలిచాను. మా భాషలో. చచ్చిపోతున్నాననుకుని. వచ్చిందా?"

"లియా, ఆ సంగతి ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? తెల్లారి నేను కళ్ళు తెరిస్తే ఎవరున్నారు? మీరున్నారు. ఆరు నెలలు నాతో మాట్లాడని మనిషి. గుప్పెడంత పిల్లాడు మీ చేతుల్లో ఉన్నాడు. మీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నర్సు చెప్పింది, రాత్రంతా అమ్మమ్మో నాయనమ్మో వాణ్ణి గుండెల మీద పెట్టుకుని కూర్చుందీ, అందుకే ఊపిరి కుదురుకుందీ అని. ఆ ఒక్క రాత్రికి మిమ్మల్ని అన్నిటికీ క్షమించాను అత్తయ్యా. కంచానికీ, గ్లాసుకీ, అన్నిటికీ. ఆ రోజు నించే మిమ్మల్ని అమ్మలా చూసుకున్నాను. తెలుసా మీకు?"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు నన్ను ఎందుకు క్షమించావో తెలుసు. అందుకే చెప్పలేకపోయాను."

"ఏం చెప్పలేకపోయారు?"

"పోనీలే."

"పోనీలే ఏంటి? అత్తయ్యా, అటు తిరక్కండి. ఏం చెప్పలేకపోయారు?"

"నీ పరిస్థితి చూసి ఆ సాయంత్రం నీ డైరీలో నంబర్ వెతికి నేనే ఫోన్ చేశాను మాంట్రియల్‌కి. తల్లికి తెలియాలి కదా అని. ఆవిడ ఇంట్లో ఏం చెప్పి బయటపడిందో ఏమో."

"బయటపడిందా?"

"రాత్రంతా వాణ్ణి గుండెల మీద పెట్టుకుని కూర్చున్నది నేను కాదు లియా. నీకు మెలకువ రాకముందే మీ అమ్మ వాణ్ణి నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది."