దుబాయి డబ్బా

చిలకలూరిపేటలో జయరావు ప్రెస్సు వెనక వసారా, ఎండాకాలం మధ్యాహ్నం. జయరావు భార్య రెబ్కా అట్టడబ్బాలు మడుస్తోంది. మెట్టు మీద సైదాబీ, ఒళ్ళో చిరిగిన డబ్బా.

"రేపు రాకూడదూ వదినా? ఇవాళ ఊపిరాడని పని."

"రేపటికి మా అత్త మార్టూరు నించి వచ్చేస్తుంది రెబ్కా. ఆమె వచ్చేసరికి ఇట్లాంటి డబ్బా అద్దాల బీరువాలో ఉండాలి. నీకేం, ఇదే రకం ముందర గుట్టగా పోసుకుని కూర్చున్నావు."

"ఇదే రకం అంటే... విమానం బొమ్మలన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"ఒక్కలాగే ఉంటే ఒకటియ్యి."

"లెక్క ప్రకారం ఇవ్వాల్సినవి వదినా. లోపల మద్రాసు మనిషి మోపులు కడుతున్నాడు. ఒకటి తగ్గితే ఊరుకోడు."

"నేనడుగుతాలే ఆయన్ని."

"వద్దొద్దు. లోపలికెళ్ళకు. కొత్త మనిషి, బాగోదు. కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగొద్దు. అసలివన్నీ ఏంటి? సరిగ్గా చెప్పు."

"టీవీకి తగిలించి ఆడతారే, ఆ వీడియో గేమ్ క్యాసెట్ల డబ్బాలు. క్యాసెట్లు మద్రాసులో ఎవరో చేస్తారంట. పైన డబ్బా మాత్రం ఫారిన్‌దిలా ఉండాలి గదా. అక్కడ అచ్చేయిస్తే పట్టుకుంటారని బొమ్మ చెక్కిన అచ్చు బ్లాకులు తెచ్చి మా ఆయనకిచ్చారు. ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి మెషీను మీద తొక్కుతాడు. అట్ట పల్చన. అందుకని లోపల ఇంకో అట్ట అంటించి నేను మడుస్తా. ఎవరితో అనకు."

"ఎవరితో అంటాను? మా ఇంట్లో దానికీ ఎరుపు పక్కకి జరిగే ఉంది. ఇదుగో, విమానం రెక్క దగ్గర చూడు."

"ఫారిన్‌వాళ్ళకీ జరుగుతుందేమో."

"అత్త వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. మా గౌస్ బాషా దుబాయి నించి కొడుక్కి పంపాడని. ఆట పిల్లాడికి, డబ్బా ఆమెకి. వాణ్ణి ముట్టుకోనివ్వదు."

"మరెట్లా చిరిగింది?"

"నేనే చింపాను."

"అదేంటి వదినా, అన్న అంత దూరం నించి పంపితే..."

"అత్త ఊరెళ్ళిన రోజున పిల్లాడు దీన్ని బీరువాలోంచి తీసి కావలించుకుని పడుకున్నాడు. మా నాన్న పంపాడు అంటూ. లేచాక ఒకటే ఏడుపు, కళ్ళు మండుతున్నాయని. కడిగాను. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ మంట. దుబాయి డబ్బాకి మంటేంటని నాలిక ఆనించి చూశా. కారం."

"మీ ఇంట్లో కాయలు ఆరబోసుంటారు. చేతులకంటి..."

"మా ఇంట్లో ఈ ఏడు ఒక్క కాయ ఆరబొయ్యలేదు. అనుమానమొచ్చి అట్టలు విడదీశాను. రెండు పొరల మధ్య, జిగురులో ఇది అంటుకునుంది. చూడు."

"గింజ."

"మిరపగింజ. నీ పక్కన ఆ తట్టలో ఏంటి రెబ్కా?"

"తొడిమలు తీసే కాయలు. పొద్దున అవి, మధ్యాహ్నం ఇవి. చేతులు కడుక్కుని కూర్చోమని మా ఆయన చెప్తూనే ఉంటాడు. ఎంత కడిగినా పోదు వదినా ఈ పాడు కారం. మద్రాసు కొట్టువాళ్ళు కూడా గోల పెట్టారంట, డబ్బా ముట్టుకున్న పిల్లలు కళ్ళు నలుపుకుంటున్నారని."

"అయితే ఇది నువ్వు మడిచిందే."

"అయ్యుండొచ్చు. సరుకు ఎక్కడెక్కడికో పోతుంది. దుబాయికీ పోయుంటుంది. అన్న అక్కడ కొనుంటాడు."

"ఇక్కణ్ణించి దుబాయి పోయి, దుబాయి నించి మళ్ళీ మా ఇంటికొచ్చింది."

"రాకూడదా?"

"రావచ్చులే. మరి ఆయన ఉత్తరాల సంగతేంటి? ఎప్పుడూ ఎవరో ఒకరు చేతికిచ్చి పోవడమే. దుబాయి స్టాంపున్న కవరు నేనొక్కటీ చూళ్ళేదు."

"పోస్టు ఆలస్యం గదా. వచ్చేవాళ్ళుంటే వాళ్ళ చేతికిస్తాడు."

"రెబ్కా, నా మొహం చూసి చెప్పు."

"ఏం చెప్పను వదినా? మగాడి కష్టం మగాడికి తెలుస్తుంది. బొంబాయిలో ఏజెంటు ముంచేసి పోతే ఏ మొహం పెట్టుకుని తిరిగొస్తాడు? పేటంతా దండలేసి బస్సెక్కించాక? మీ అత్త డేగిశాలు ఎక్కించి అందరికీ బిర్యానీ పెట్టాక?"

"ఏజెంటు సంగతి నేనెత్తలేదే."

"మాటవరసకన్నా."

"మాటవరసకి బొంబాయి కూడా వచ్చిందా?"

"నన్నడక్కు వదినా. మాటిచ్చాను."

"ఎవరికి?"

"అడక్కన్నాగా."

"సరే, అడగను. లోపల ఆ దగ్గేంటి?"

"కారం ఘాటు. మద్రాసు మనిషి గదా, అలవాటు లేదు."

"అలవాటు లేకపోతే తుమ్ములొస్తాయి. అది నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆపుకునే దగ్గు."

"మంచినీళ్ళివ్వనా నీకు?"

"నాకెందుకు, దగ్గే మనిషికియ్యి. నాకొక డబ్బా మడిచియ్యి చాలు. ఎరుపు జరగనిది చూసి, చేతులు రుద్ది కడుక్కుని. అత్త బీరువాలో పెడతాను. ఆమెకి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పాల్సింది నేను కాదు కూడా."

"మరెవరు చెప్తారు? వదినా, ఎక్కడికి లేచావు? నీకు దణ్ణం పెడతా, లోపలికి మాత్రం..."

"భయపడకు, వెళ్ళను. వచ్చేటప్పుడే గుమ్మం ముందు చెప్పులు చూశాను. ఎడమకాలిదానికి బొటనవేలు దూర్చే ఉంగటం దగ్గర నేనేసిన కుట్టు ఇంకా ఊడలేదు. చూసే కూర్చున్నాను."

"వదినా..."

"లోపల మోపులు కట్టే ఆయనకి ఒక్కమాట చెప్పు రెబ్కా. ఇంటికొచ్చేముందు చేతులు శుభ్రంగా కడుక్కోమను. పిల్లాడు చూడగానే ఎత్తుకోమని మీద పడతాడు."