జవాబు రాకుంటే సరేనన్నట్టే

1999. నల్గొండలో ఒక మందుల కంపెనీ ఆఫీసు. జడ్చర్ల యూనిట్‌లో ట్యాంకు కడగడానికి దిగి తమ్ముడు ఆజం ఊపిరాడక చనిపోయిన నాలుగో రోజున, అజీజా బేగం వచ్చి నెట్‌వర్క్ చూసే దశరథం ముందు కూర్చుంది.

“మళ్లొక్కసారి చూడు దశరథమన్నా. ఆజం ఫ్యాక్స్ చేసిన గాలి లెక్కలు చూసి, సోమారం తొమ్మిదింటికి మెయిల్ పంపిన. ‘లోపల గాలి మంచిగ లేదు, దిగొద్దు’ అని.”

“చూసిన అజీజమ్మా. లైన్లు రెండూ మంచిగనే ఉన్నయి. పచ్చ లైట్లే.”

“లైట్ల సంగతి కాదు. నా మెయిల్ ఏడుంది?”

“అదే... జర ఆగు.”

“నేను పంపనే లేదంటున్నడు పెద్దసారు. పదింటి దాంక ఆఫీసు నుంచి జవాబు రాకుంటే సరేనన్నట్టే అని మన కాయిదా గద. ఆజం పదింటి దాంక చూసి దిగిండు. నేనే పంపుడు మర్శిన్నని అమ్మీ నాతోని మాట్లాడ్తలేదు. పంపినవని చెప్పు, నాకు గంతే చాలు.”

“నా కంప్యూటర్ మిషన్ నుంచి జడ్చర్లకు మెయిల్ పోతనే ఉన్నది. ఇగో, చూడు.”

“నీ మిషన్ నుంచి కాదన్నా. నా దాంట్లకెల్లి చూడు.”

“ఒక్కటే గద... సరే, నీ మిషన్ కాడ కూసుంట.”

“పోయిందా?”

“ఆగు.”

“అన్నా, పోయిందా?”

“పోతలేదు.”

“ఎందుకు?”

“జడ్చర్లకు మనకు రెండు దార్లు. హైదరాబాద్ మీదికెల్లి ఒకటి, దేవరకొండ మీదికెల్లి ఒకటి. రెండూ సమానమే. దారి చూపే డబ్బా, రౌటర్, మెయిళ్లను రెండిట్లకు పంచుతది.”

“ఒకటి ఇటు, ఒకటి అటా? మరి నావి సగమన్న పోవాలె గద.”

“గట్ల పంచదు. పంచితే మెయిల్ ముక్కలు ఎనకముందయితయి. ఏ మిషన్ నుంచి ఏ మిషన్‌కని లెక్కగట్టి ఒక దారి ఖాయం చేస్తది. ఇగ ఆ ఇద్దరికి ఎప్పుడూ అదే దారి.”

“నాకూ ఆజంకూ?”

“దేవరకొండ దారి. అది నడుమ ఏడనో తెగింది. ఈడ లైట్ మాత్రం పచ్చగనే ఉన్నది. అటు పోయింది పోయినట్టే మాయమయితాంది.”

“నీది?”

“నాది హైదరాబాద్ దారి.”

“గందుకే నీది పోయింది.”

“ఆ దేవరకొండ లైన్ తీసేస్తున్న అజీజమ్మా. తీసేసిన.”

“నా మిషన్ల ఏందో కదిలింది.”

“నీ మెయిల్. నాలుగు రోజుల సంది మళ్ల మళ్ల పోవాలని చూస్తనే ఉన్నట్టుంది. ఇప్పుడు పోయింది.”

“ఎవరికి?”

“ఆజంకు.”

“‘దిగొద్దు’ అనా?”

“ఆఁ.”

“ఇప్పుడు... ఇగ సార్‌కు చూపెడ్త. అమ్మీకి చూపెడ్త. నువ్వెందుకేడుస్తున్నవన్నా? తెగింది వైరు. నువ్వేం చేస్తవు?”

“సోమారం పావు తక్కువ పదికి ఆజం ఫోన్ చేసిండు.”

“నాకా?”

“నీకే. నువ్వు అమ్మీని దవాఖానకు తీస్కపోయినవు. నేనెత్తిన.”

“నాకు చెప్పలేదు.”

“ఎట్ల చెప్పాలె?”

“ఏమడిగిండు?”

“‘మా అక్క... ఆపా జవాబు రాలే, లైన్ చెడిపోయిందా?’ అన్నడు. నా మిషన్ల చూసి, మంచిగనే ఉన్నదన్న.”

“ఇంకేమన్నడు? చెప్పన్నా. ఆఖరికి ఏమన్నడు?”

“నవ్విండు. ‘అయితే ఆపా సరేనన్నట్టే’ అన్నడు.”