సిస్టీన్ ఉండాల్సిన చోట

జర్మనీలోని హైడెల్‌బర్గ్ ల్యాబ్‌లో పాతికేళ్లుగా ప్రొటీన్ల ఆకారాలు చూస్తున్న ప్రొఫెసరు గారికి, పీహెచ్‌డీ అమ్మాయి తెచ్చిన బొమ్మ చూడగానే ఒళ్లు మండింది.

"రెండు ఫాస్ఫటేజ్ ఎంజైమ్ కుటుంబాల ఆకారాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఏం కనిపెట్టావమ్మా?"

"మిగతాదంతా అచ్చు గుద్దినట్టు ఒకటేనండి. ఎంజైమ్ పనిచేసే గుంటలో మాత్రం మొదటిదానికి సిస్టీన్ ఉంది, రెండోదానికి ఆ అమైనో ఆమ్లం బదులు సెరిన్ ఉంది."

"అదే తేడా అని థీసిస్‌లో రాసేస్తావా? ఇండియాలో ఇదేనా నేర్పింది? సిస్టీన్ లేకపోతే ఆ ఎంజైమ్ శవం. ఆకారం చూడ్డానికి క్రిస్టల్ కట్టించేటప్పుడు దాని పని ఆగాలని ఎవడో కావాలనే సిస్టీన్‌ని మార్చి ఉంటాడు."

"నాకూ అదే అనుమానం వచ్చిందండి. కానీ మార్చినట్టు డేటాబేస్‌లో ఎక్కడా రాయలేదు."

"రాయనివాడు ఒట్టి వెధవ. అలాంటివాడికి ల్యాబ్ తాళాలు ఎవరిచ్చారో. ఎవడు వాడు?"

ఆమె లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. 2004లో ఆ ఆకారాన్ని డేటాబేస్‌లో పెట్టినవాళ్లలో మొదటి పేరు ఆయనదే.

"అప్పుడు నేను స్టూడెంటుని" అన్నాడాయన.

"నేనిప్పుడు స్టూడెంటునేగా సార్. రాయనివాడి గురించి ఇందాక మీరన్నది ఫుట్‌నోట్‌లో అలాగే పెట్టమంటారా, కాస్త మర్యాదగా రాయమంటారా?"