ఆరో మేయరు గురించి నాలుగు ముక్కలు

సంచికలో మేయర్ల చరిత్రకి రెండు పేజీలు చాలట సార్. అరవై ఏళ్ళు, పదకొండు మంది మేయర్లు, రెండంటే రెండు పేజీలు. ఎక్కువైతే ఎవరూ చదవరట. ఇప్పుడున్న మేయరు, మీకు మనవడి వయసు ఉంటుందిలెండి, నవ్వుతూనే చెప్పాడు. రిటైరై తొమ్మిదేళ్ళయిన టైపిస్టుని పిలిపించి మరీ చెప్పాడు. ముప్పై రెండేళ్ళు మేయరు గది బయటే కూర్చున్నాను కదా, మీ అందరి సంగతులూ నాకే తెలుసని.

ఉండండి, దిండు కాస్త పైకి జరుపుతాను. ఆ. మాట పడిపోయినా అన్నీ వినపడతాయని మీ కోడలు చెప్పింది. వింటే చాలు.

మొదటాయన ప్లీడరు. ఊళ్ళో మురిక్కాలవలన్నీ ఆయన చలవే. ఎవరికి గుర్తుంది? కంపు కొడితే గుర్తుంటుంది గానీ కొట్టకపోతే ఎందుకుంటుంది? తర్వాతాయన రిబ్బన్ల మేయరు. మంగలి షాపు తెరిచినా కత్తెరతో ఈయనే హాజరు. వీళ్ళిద్దరూ విన్నమాటే, నేను చేరింది మూడో ఆయన దగ్గర. బడిపంతులు. కౌన్సిలర్లని బెంచీ ఎక్కించడం ఒక్కటే తక్కువ. నాలుగో ఆయన్ని కుర్చీ వేడెక్కకముందే దింపేశారు, పదకొండు రోజులు. ఐదో ఆవిడ మంత్రసాని. ఎవరైనా గొంతు పెంచితే "నీ బొడ్డు కోసింది నేనేరా, కూర్చో" అనేది. అప్పట్లో కౌన్సిలరుగా మీరూ కూర్చున్నారు కదా ఒకసారి.

నవ్వొచ్చిందా? వచ్చిందిలెండి, పెదవి కుడి చివర కదిలింది.

ఆరోవారు మీరు.

బస్సు డ్రైవరు మేయరైతే సగం ఊరు మురిసింది, సగం ఊరు మూతి తిప్పుకుంది. గుట్ట మీది ఇళ్ళకి పంపు నీళ్ళొచ్చిన రోజు ఒక ముసలావిడ నిండు బిందె మోసుకొచ్చి మీ బల్ల మీద దించింది. ఫైళ్ళన్నీ తడిశాయి. "తడిస్తే తడవనీ" అన్నారు మీరు. మీదేం పోయింది, మళ్ళీ టైపు కొట్టింది నేను.

అవన్నీ ఎవడు రాస్తాడు సార్? మీ మాట ఎత్తితే ఊరంతా ఒకటే అంటుంది. కాలవ మీది నడక వంతెన. మిల్లులో షిఫ్టు మారే వేళ కూలింది. నలుగురు పోయారు. జనాన్ని ఆపండి, బోల్టుల్ని తుప్పు తినేసిందని ఓవర్సీరు మూడ్రోజుల ముందే ఉత్తరం రాశాడు. మేయరు చూడలేదు.

"మేయరు చూడలేదు". ఆ ముక్క నేనే కొట్టాను విచారణ నివేదికలో. మధ్యలో కార్బన్లు పెట్టి మూడు కాపీలు. మీ రాజీనామా కాగితం కూడా నేనే కొట్టాను.

ఒక మాట చెప్పాలి సార్. దీనికే వచ్చాను. మేయర్ల చరిత్రంతా పైపైన సాకు.

ఆ శుక్రవారం పొద్దున మీరు నన్ను కసిరారు. మీకు గుర్తుండదు. ఒక అక్షరం తప్పు పడింది. కౌన్సిలర్ల ముందు "ఇంకెన్నాళ్ళమ్మా నేర్చుకుంటావు" అన్నారు. అంతే. దాన్ని తిట్టడం అని కూడా అనరు. కానీ అప్పటికి నాది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. రోజంతా ఒళ్ళు మండుతూనే ఉంది.

మూడింటికి ఓవర్సీరు మనిషి ఉత్తరం తెచ్చాడు. టపా పుస్తకంలో ఎక్కించాను. ముద్ర వేశాను. పైన అత్యవసరం అని రాసుంది, చూశాను. లోపలికి రావాలి, మీ మొహం చూడాలి. సోమవారం చూసుకుంటాడులే అని నా సొరుగులో పడేసి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాను.

అలక సార్. అంతకంటే పెద్ద కారణం ఏమైనా ఉంటుందేమోనని ఇన్నేళ్ళూ వెతుక్కున్నాను. లేదు.

సోమవారం పొద్దున వంతెన కూలిందని తెలిసి మీరు ఇంటి నుంచి నేరుగా కాలవకి పరిగెత్తారు. నేను ఆఫీసుకొచ్చాను. గదిలో పిట్ట కూడా లేదు. సొరుగు తీశాను. ఆ ఉత్తరం తీసుకెళ్ళి మీ బల్ల మీది ఫైళ్ళ దొంతరలో అడుక్కి దూర్చాను.

అటు తిరక్కండి. పూర్తిగా వినండి.

మధ్యాహ్నం వచ్చారు మీరు, మోకాళ్ళ దాకా బురద. ఓవర్సీరు చెప్పినట్టున్నాడు, రాగానే దొంతరంతా వెతికారు. దొరికింది. నిలబడే చదివారు. "శుక్రవారమే పెట్టావా అమ్మా" అని అడిగారు. పెట్టాను సార్ అన్నాను. మీరు తలూపారు. విచారణలోనూ అదే చెప్పారు, అమ్మాయి పెట్టింది, నేనే చూసుకోలేదని. నన్ను ఒక్క ప్రశ్న అడగనివ్వలేదు.

ఇరవై రెండేళ్ళు. ఆ నలుగురి ఇళ్ళకీ ఏటా వెళ్ళి గుమ్మం బయట నిలబడేవారట కదా. ఒక ఇంట్లో అయితే ఒక్కసారి కూడా తలుపు తీయలేదట. ఇందాక మీ కోడలు చెబుతుంటే టీ కప్పు అలాగే పక్కన పెట్టేశాను.

మీకు ఆ ఉత్తరం అంది ఉంటే శనివారం తెల్లారేసరికి వంతెనకి అడ్డంగా బస్సు పెట్టించి అయినా ఆపేవారు. మీ సంగతి నాకు తెలీదా?

రాశాను సార్. ఇదిగో. "ఆరో మేయరుకి ఆ ఉత్తరం అందలేదు. టైపిస్టు ఇవ్వలేదు." రెండే వాక్యాలు, పేజీలో పడతాయి. రేపు ఇవ్వాలి. ఇస్తానో లేదో మరి. ఇచ్చినా ఆ కుర్రమేయరు కొట్టేస్తాడు, సంచికలో ఇవన్నీ ఎందుకమ్మా అని. కొట్టేస్తే బావుణ్ణనీ ఉంది నాకు. ఉన్నమాట.

కళ్ళు తుడవనా? వద్దా. చెయ్యి లాగేసుకున్నారు. సరే, లాగేసుకోవలసిందే.

మీ కోడలు వస్తున్నట్టుంది. మామగారు ఎందుకు ఏడుస్తున్నారని అడుగుతుంది. మనిద్దరిలో మాట ఉన్నది నాకు. చెప్పాలంటే నేనే చెప్పాలి.

ఏం లేదమ్మా. పాత కబుర్లు. పెద్దవారు కదా, ఊరికే కళ్ళనీళ్ళు తిరుగుతాయి.