బొటనవేలి కళ్ళు

మధ్యాహ్నం రోగులెవరూ లేని వేళ. ముప్పై ఏళ్ళుగా వట్టి చేతులతోనే కండరాల నొప్పులు తీస్తున్న మామగారు, అదే విద్య చదువుకొచ్చిన కోడలి చేతిలోని స్టీలు పలకని చూసి పెదవి విరిచారు.

“దాంతో గీకడానికి మనుషుల పిక్కలేమన్నా మాడిన గిన్నెలా, అమ్మాయ్?”

“లోపలి ముడి ఎక్కడుందో బాగా తెలుస్తుంది, మామయ్యగారూ.”

“దానికి ఇనుము కావాలా? నా బొటనవేలికి కళ్ళున్నాయి.”

“పొద్దున డ్రిల్లు మాస్టారికి తగ్గిపోయిందని పంపేశారు కదా?”

“పంపాను. పిక్క వెన్నముద్దలా ఉంది.”

“మెట్లు దిగలేక కుంటుతూ వెనక్కొచ్చారు. పలక పెడితే గరగరమంది.”

“గరగరమన్నది నీ ఇనుము! పని చేతకానివాళ్ళకే పనిముట్లెక్కువ.”

“అందుకే పలక పక్కన పెట్టి వేలితో చూశాను. శనగగింజంత ముడి. వేలికే దొరికింది.”

ఆయన బల్లమీది తువ్వాలు మడతపెట్టసాగారు.

“ఈమధ్య మీ చొక్కా గుండీలు అత్తయ్యగారెందుకు పెడుతున్నారు?”

“ముద్దెక్కువై! నీకెందుకు?”

“బొటనవేలికి తిమ్మిరి ఎన్నాళ్ళనుంచి, మామయ్యగారూ?”

ఆయన ఆ వేలిని పిడికిట్లో దాచుకుని గోడకేసి చూశారు. ఆఖరికి చెయ్యి తెచ్చి బల్లమీద పెట్టారు.

“సరే, గీకి ఏడువు. మాడిన గిన్నె అనుకున్నావో, ఊరుకోను!”

కోడలు పలకని పక్కకి నెట్టి, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నరం దగ్గర ఇనుము పనికిరాదు. దీనికి చెయ్యే కావాలి.”

“మరి ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నదేమిటి?” అన్నారాయన, తల ఎగరేసి.