ఉప్పెట్టని నెత్తళ్ళు

ఆసుపత్రి వరండాలో, ఎచ్చెర్లలో కెమిస్ట్రీ చదివే కూతురు తల్లి పక్కన స్కానింగ్ కాగితంతో కూలబడింది.

"ఏటన్నాడే డాట్రు?"

"మందు నీ గొంతులో థైరాయిడ్ కేన్సరుకి పట్టనేదటమ్మా. మందూ అయోడినే, ఉప్పులోదీ అయోడినే. మందులోదానికి నాలుగు న్యూట్రాన్లు ఎక్కువ. ఆ ఎక్కువకే అది నిలవనేక ఇరిగి, రోగాన్ని కాల్సాల."

"మరేటయింది?"

"గొంతుకి న్యూట్రాన్లు లెక్కెట్టడం రాదు. మామూలు అయోడిన్ ముందొస్తే దాంతోనే కడుపు నింపేసుకుంటాది. మందుకి ముందు ఆ మూడు వారాలూ డాట్రు వద్దన్న ఉప్పు తిన్నావా?"

"నేదే! సప్పిడి కూడే తిన్నాను. నెత్తళ్ళ చేపలు నంజుకున్నాను, అంతే. ఇసకలో ఎండెట్టినవే, ఉప్పు ముట్టించనేదు."

"అవి సముద్రంలో పుట్టినవే కదమ్మా, వాటిలోనూ అయోడినే..."

"డాట్రు ఉప్పన్నాడు గానీ సముద్రమన్నాడేటి? సర్లే, ఈపాలి ముట్టను. మల్లీ ఎప్పుడిస్తాడు మందు?"

రోగం పాకిపోయిందని, ఇక మందుకి ఆలస్యమైపోయిందని కాగితంలో రాసిన వరసను కూతురు లోపలికి మడిచింది.

"నెత్తళ్ళు ఇంక తినొచ్చన్నాడమ్మా."